ఆపరేటరత్త పెన్సిల్ పేర్లు

ఆమెను అందరూ ఆపరేటరత్త అనేవాళ్ళు. వరసకు అత్త కానివాళ్ళు కూడా అలాగే అనేవాళ్ళు. టెలిఫోన్ బోర్డు ముందు నుంచి ఆమెను లేపేసి పద్దెనిమిదేళ్ళయింది. తర్వాత అదే ఆస్పత్రిలో పాత కేసుల ఫైళ్ళు సర్దే గదిలో పదిహేడేళ్ళు కూర్చుని రిటైరయింది. అయినా పేరు మారలేదు. ఫైళ్ళత్త అని ఎవరూ అనలేదు. అన్నా ఆమె పలికేది కాదు.

రిటైరయ్యాక ఆమెకు పనేమీ లేదు. భర్తకు ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. పొద్దున్న అక్కడ కాసేపు అద్దాలు తుడిచేది, మధ్యాహ్నం ఇంటికొచ్చి గోడ చూస్తూ కూర్చునేది. "గోడకేసి అలా చూడకు, దానికీ ఫ్రేము కట్టమంటావేమోనని భయంగా ఉంది" అనేవాడు ఆయన. నవ్వేది కాదు.

ఒకరోజు ఆమె అన్న కూతురి ఇంటికి ఒక ఫ్రేము ఇచ్చి రమ్మని ఆయనే పంపాడు. ఆ మేనకోడలు ప్రకటనలకు బాణీలు కడుతుంది. సబ్బుకీ, సిమెంటుకీ, బ్యాంకుకీ. అద్దెకున్న ఇంట్లో వెనక గది ఖాళీ చేయించి స్టూడియో పెట్టుకుంది. గోడలకు పాత దుప్పట్లు మేకులతో కొట్టింది. కిటికీకి పరుపు అడ్డం పెట్టింది. ఒక మూల మైకు, ఇంకో మూల కీబోర్డు, మధ్యలో బల్ల. బల్ల పక్కన ఇనుప స్టాండులో పెట్టెల మీద పెట్టెలు, వాటి నుంచి కిందికి జారిన తీగలు చిక్కుపడి, ఎన్నడూ దువ్వని జుట్టులా నేలంతా పరుచుకున్నాయి.

"చూసి నడువత్తా, ఆ తీగల మీద కాలేశావంటే గదంతా మూగబోతుంది" అంది మేనకోడలు.

అత్త వినిపించుకోలేదు. ఫ్రేము చంకలో పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. స్టాండు మధ్యలో రెండు నల్లటి పలకలు బిగించి ఉన్నాయి. ఒక్కో దాంట్లో పైన ఇరవై నాలుగు కన్నాలు, కింద ఇరవై నాలుగు. కొన్నింట్లో పొట్టి తీగలు వేలాడుతున్నాయి.

"ఇది బోర్డే కదే?" అంది.

"ప్యాచ్ బే అంటారత్తా. మైకులు, వాయిద్యాలు, పెట్టెలు, అన్నిటి తీగలూ వెనకనుంచి వచ్చి ఇందులో తేల్తాయి. దేన్ని దేనితో కలపాలన్నా ముందునుంచి చిన్న తీగతో కలుపుకోవడమే. చెప్పడానికి అంతే. ఏ కన్నంలో ఏముందో మాత్రం నాకు తెలీదు."

"కట్టినవాణ్ణి అడక్కపోయావా?"

"వాడికీ తెలీదు."

"కట్టినవాడెవడే అంత దద్దమ్మ?"

"నేనేనండీ" అంటూ బల్ల కిందినుంచి ఒక గడ్డం బయటికొచ్చింది, దాని వెనకే మనిషి. మేనకోడలితో కలిసి పనిచేసే గిటారు కుర్రాడు. అందరూ గడ్డం అనే పిలుస్తారు. "మూడు రోజులు వెల్లకిలా పడుకుని కట్టానత్తా. లేచేసరికి పేర్లన్నీ మర్చిపోయాను."

అత్త ఫ్రేమును కుర్చీలో పెట్టింది. ఒక పొట్టి తీగ అందుకుంది. బొటనవేలికీ, రెండు వేళ్ళకీ మధ్య ప్లగ్గు మెడ పట్టుకుని కన్నంలోకి వదిలింది. టక్కుమంది. పద్దెనిమిదేళ్ళయింది ఆ చప్పుడు ఆ చేతిలో మోగి. ప్లగ్గు బయటికి లాగి మళ్ళీ పెట్టింది. "మొత్తం ఎన్ని లైన్లు?" అని అడిగింది.

"తొంభై ఆరు కన్నాలత్తా."

"తొంభై ఆరేనా!" అంది. అంతకన్నా సంతోషంగా ఆమె మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

మర్నాడు తొమ్మిదింటికల్లా దిగింది. సంచిలో గళ్ళ పుస్తకం, రెండు పెన్సిళ్ళు, కాగితం పట్టీలు, కత్తెర, కళ్ళజోడు. బ్రష్షు నోట్లో పెట్టుకుని తలుపు తీసిన మేనకోడలితో, "నువ్వు వెనకాల కూర్చుని ఒక్కో తీగ కదుపు. నేను ముందు చూస్తా" అంది.

మూడు రోజులు అదే పని. మేనకోడలు మైకు మీద వేలితో కొట్టేది, కీబోర్డు మీద ఒకే మెట్టు నొక్కి పట్టుకునేది. అత్త చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కో కన్నమే వెతుక్కుంటూ వెళ్ళి, "ఆఁ, పలికింది" అని అరిచేది. పుస్తకంలో రాసుకునేది. పట్టీ కత్తిరించి, దాని మీద పెన్సిల్‌తో పేరు రాసి కన్నం పైన అంటించేది. పేర్లన్నీ తెలుగే. కిటికీ మైకు. గోడ మైకు. గడ్డం గిటారు. ప్రతిధ్వని పెట్టె. గొంతు బిగించే పెట్టె.

"గొంతు బిగించే పెట్టేంటత్తా, హత్యకేసులా ఉంది" అన్నాడు గడ్డం.

"అదేం చేస్తుందని అడిగితే నువ్వే చెప్పావు. గొంతు ఎగిరిపోకుండా బిగించి పట్టుకుంటుందని."

"అన్నాను గానీ..."

"అన్నావా లేదా?"

గడ్డం మళ్ళీ బల్ల కిందికి దూరాడు. నాలుగో రోజు నుంచి వాడూ దాన్ని అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

"పెన్నుతో రాసేయొచ్చుగా, మళ్ళీ మళ్ళీ రాయడం ఎందుకు?" అంది మేనకోడలు.

"అప్పుడే కాదు. ఎవరు ఎవరితో మాట్లాడతారో ముందు చూడాలి. చూడకుండా పేరు పెడితే బోర్డు అక్కరకు రాదు."

ఇది ఆమె ఆస్పత్రిలో నేర్చుకున్నదే. కిటికీ లేని కింది అంతస్తు గదిలో పంతొమ్మిదేళ్ళు ఆ బోర్డును ఏలింది. దీపం వెలిగితే తీగ పెట్టేది, ఎవరు కావాలో కనుక్కునేది, రెండో తీగ అక్కడ పెట్టి "మాట్లాడండి" అని తప్పుకునేది. డాక్టర్ల మొహాలు తెలీవు, గొంతులు తెలుసు. ఒకసారి మెట్ల మీద ఎదురైన ముసలాయన దగ్గితే, "నమస్కారమండీ పిల్లల వార్డు" అంది. ఆయన బెదిరిపోయాడు. ఎవరికి ఎవరితో రోజూ పనిపడుతుందో చూసి, వాళ్ళ లైన్లు పక్కపక్కన వేయించుకుంది. బోర్డు మీద పేర్లు చెరిగిపోయి ఏళ్ళయినా తిరిగి రాయలేదు. ఎందుకు? అన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయిగా. ఆమె సెలవు పెడితే ఆస్పత్రికి చెవుడొస్తుందని పెద్ద డాక్టరు నలుగురిలో అన్నాడు. ఆ మాటను ఆమె ఆ తర్వాత చాలామందికి చెప్పుకుంది.

ఇక్కడా అదే చేసింది. రోజూ పొద్దున్నే వచ్చి బోర్డు పక్కన స్టూలు వేసుకునేది. మేనకోడలు కీబోర్డు మీదనుంచి తలెత్తకుండానే, "అత్తా, కిటికీ మైకు ప్రతిధ్వనికి" అనేది. టక్కు. "గడ్డం గిటారు నేరుగా." టక్కు, టక్కు. ఆమె చెయ్యి తడుముకోలేదు. అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందని గడ్డం నోరెళ్ళబెట్టేవాడు. వారం గడిచాక వాణ్ణి స్టాండు వెనక్కి పంపి తీగలు మార్పించింది.

"ఈ మైకుకి రోజూ ఆ పెట్టెతోనే పని. వీళ్ళిద్దర్నీ ఒకరి కింద ఒకర్ని వెయ్యి. పైనా కిందా జతపడితే మధ్యలో తీగే అక్కర్లేదన్నావుగా?"

"అవునత్తా, లోపల్లోపలే కలిసిపోతాయి."

"అయితే కలుపు."

"అత్త పెళ్ళిళ్ళు కుదురుస్తోందర్రా" అని వాడు స్టాండు వెనకనుంచి అరిచాడు. "జాతకాలు చూశావా?"

"వాటి సంగతి నే చూస్తా. ముందు నీకెవరైనా దొరుకుతుందేమో చూసుకో" అంది. మేనకోడలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

రెండు వారాలయింది. మూడోదీ సగం గడిచింది. ఎవరు ఎవరితో మాట్లాడతారో ఆమెకెప్పుడో తెలిసిపోయింది. పెన్ను మాత్రం బయటికి రాలేదు. పెన్సిల్ రాతలు వేళ్ళు తగిలి మసకబారాయి. కొన్ని ఆమెకు తప్ప ఇంకెవరికీ కనబడేవి కావు. "ఇంకా చూడాలి" అనేది. చూడాల్సిందేమీ మిగల్లేదని ఆమెకు తెలుసు. ఆ స్టూలు వదిలి మళ్ళీ గోడ ముందుకు వెళ్ళాలంటే ప్రాణం ఒప్పలేదు, అంతే.

ఇంతలో ఒక పాట పాడడానికి స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ వచ్చింది. చిన్నపిల్లల పాలపొడి ప్రకటన, జోలపాట బాణీ. ఆవిడకు ఒక్క పూటే సెలవు దొరికింది. రెండుసార్లు పాడి, "గొంతు ఇంకా లేవలేదు" అంది. మూడోసారి మొదలుపెట్టగానే గది మారిపోయింది. గడ్డం కదలకుండా నిలబడ్డాడు. మేనకోడలు కళ్ళు మూసుకుంది. పాట చివరి చరణానికి వచ్చింది.

అప్పుడు అత్త చెయ్యి ఊరుకోలేదు. ఆస్పత్రి బోర్డు మీద ఉన్నన్నాళ్ళూ ఆమెకో అలవాటు. మాట సాగుతోందా, ఆగిందా అని ఒక్క క్షణం చెవి పెట్టి చూసేది. అక్కడ వింటే ఏదీ తెగేది కాదు. హెడ్‌ఫోన్ల పెట్టె తీగ తీసుకుంది. టీచరమ్మ మైకు రికార్డరుకు చేరే చోట, కింది వరసలో పెట్టింది. ఏమీ వినిపించలేదు. ప్లగ్గు సరిగ్గా దిగలేదేమోనని ఇంకాస్త నొక్కింది. పాట అయ్యేదాకా నొక్కి పట్టుకుంది.

"అబ్బ!" అన్నాడు గడ్డం. "ఇది చాలు. ఇంకోటి వద్దు."

మేనకోడలు కళ్ళు తెరిచి, పాట రికార్డయ్యే కంప్యూటరు తెర వైపు చూసింది. మూడొంతుల దాకా కొండల్లా లేచిన గీత, ఆఖర్న చదునుగా పడుకుని ఉంది. తల తిప్పి బోర్డు వైపు చూసింది. అత్త వేలు ఇంకా ప్లగ్గు మీదే ఉంది.

"అత్తా... కింది వరసలో పెట్టావా?"

"విందామని..."

"పైన పెడితే వినిపిస్తుంది. కింద పెడితే తెగిపోతుంది. గడ్డం చెప్పలేదా నీకు?"

గడ్డం చెప్పాడు. మొదటి రోజే చెప్పాడు. ఆమె తల కూడా ఊపింది. కానీ ఆమె చేతికి పాత బోర్డే తెలుసు.

టీచరమ్మ మంచిది. విసుక్కోకుండా మళ్ళీ పాడింది. ఇంకోసారీ పాడింది. బాగానే ఉంది. ఆ మాట ఒక్కొక్కరే అన్నారు, "బాగానే ఉంది." ఆవిడ వెళ్ళిపోయాక గడ్డం దుప్పటి గోడకు తల ఆనించి, "అది మళ్ళీ రాదు" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. మేనకోడలు గ్లాసు తెచ్చి అత్త చేతిలో పెట్టింది. "నువ్వు కాస్త టీ తాగత్తా, అలసిపోయావు" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు అత్త వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. కొట్లో కూర్చుని, తుడిచిన అద్దాన్నే తుడిచింది.

"పోయి క్షమించమని అడుగు, అయిపోతుంది" అన్నాడు భర్త.

"అడిగితే ఏమవుతుంది, పాట తిరిగొస్తుందా?"

"రాదు. అద్దం అరిగిపోకుండా ఉంటుంది."

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. మేనకోడలు. ఊపిరాడనట్టు మాట్లాడుతోంది.

"అత్తా, సిమెంటు వాళ్ళొచ్చి కూర్చున్నారు. గోడ మైకు ఎక్కడుంది? రాత చెరిగిపోయింది, ఏమీ కనబడ్డం లేదు."

అత్త కళ్ళు మూసుకుంది. "రెండో పలక. పై వరసలో ఎడంనుంచి తొమ్మిదోది."

"ఆఁ. గొంతు బిగించే పెట్టె?"

"దాని పక్కది వదిలెయ్. పదకొండు. కింద."

"ప్రతిధ్వని?"

"మొదటి పలక, ఆఖరి రెండూ. తీగ పొడుగుది తీసుకో, పొట్టిది అందదు."

ఒక్కొక్కటీ అడుగుతుంటే ఒక్కొక్కటీ చెప్పింది. ఎనిమిది నిమిషాలు. కొట్టు మధ్యలో నిలబడి, ఖాళీ చెయ్యి గాల్లో లేపి లేని కన్నాల్లో తీగలు పెడుతోంది. భర్త సుత్తి పక్కన పెట్టి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ పెట్టేశాక ఆమె మొహం విచ్చుకుని ఉంది.

"చూశావా? నేను లేకపోతే గడవదు వాళ్ళకి" అంది.

"చూశాను" అన్నాడు ఆయన. "పిల్ల ఏడుస్తోందా?"

"ఏడవడమేంటి? కంగారు పడిందంతే."

కానీ ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. మేనకోడలి గొంతు మళ్ళీ మళ్ళీ వినిపించింది. పరాయివాళ్ళ ముందు తన గదిలో తనే దారి తెలియక తడుముకునే గొంతు. అలాంటి గొంతు ఆమెకు ఇంకొకటి తెలుసు. ఒకప్పుడు ఆమె భోజనానికి వెళ్ళిన అరగంట బోర్డు ముందు కొత్తమ్మాయి కూర్చుంది. ఆపరేషన్ గదినుంచి రక్తం కావాలని ఫోనొచ్చింది. పేర్లు లేని బోర్డు. రక్తనిధి ఏ కన్నమో ఆ పిల్లకు తెలీలేదు. చివరికి ఒక నర్సు రక్తం కోసం మూడంతస్తులు పరుగెత్తుకుంటూ దిగింది. అత్త తిరిగొచ్చేసరికి ఆ నర్సు మెట్ల మీద కూలబడి రొప్పుతోంది. పైన ఏమయిందో అత్త అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సాయంత్రమైనా పేర్లు రాసి ఉండొచ్చు. రాయలేదు.

రాసింది ఆఖర్న. బోర్డు తీసేసే ముందు, నంబరు నొక్కితే తనే కలిపే కొత్త యంత్రం కోసం రెండొందల పన్నెండు నంబర్లు ముత్యాల్లా రాసిచ్చింది. ఆ జాబితా ప్రతి బల్ల మీదా అద్దం కింద పెట్టారు. మూడో రోజునుంచి ఆమెను ఏదీ అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. రాస్తే ఏమవుతుందో ఆమెకన్నా బాగా ఇంకెవరికి తెలుసు?

మర్నాడు కొట్లోనుంచి ఫ్రేముల కింద పేర్లు రాసే నల్ల సిరా పెన్ను సంచిలో వేసుకుని బయల్దేరింది. మేనకోడలు తలుపు తీసి పక్కకు తప్పుకుంది. అత్త నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళింది. స్టూలు లాక్కుని కూర్చుంది. పాత పట్టీలు గోటితో ఒక్కొక్కటే ఊడదీసింది. కొత్త పట్టీలు కత్తిరించింది. తొంభై ఆరు పేర్లూ ఒకే ఎత్తులో, గుండ్రంగా, కళ్ళజోడు లేనివాడికి కూడా కనబడేంత లావుగా రాసింది. చెయ్యి నొప్పెడితే ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఆగేది. మధ్యలో గడ్డం వచ్చి టీ పక్కన పెట్టి వెళ్ళాడు, జోకు వెయ్యకుండా. వాడికది ఎంత కష్టమో ఆమెకు తెలుసు.

అన్నీ అయ్యాక రెండు వరసలకూ పొడుగ్గా చెరో పట్టీ అంటించింది. పైదాని మీద "ఇక్కడ పెడితే వినిపిస్తుంది" అని రాసింది. కిందదాని మీద ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, "ఇక్కడ పెడితే తెగుతుంది" అని రాసింది. ఆ రెండోది రాసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కింది. కాగితం కొంచెం చిరిగింది కూడా.

"చాలా బావుందత్తా" అంది మేనకోడలు.

"సరే, కానివ్వండి. పని చూసుకోండి."

ఆ రోజు బ్యాంకు ప్రకటన. అత్త స్టూలు బోర్డు పక్కనుంచి గోడ వారకు జరుపుకుంది. మేనకోడలు లేచి బోర్డు దగ్గరికొచ్చింది. వంగి చదివింది. టక్కు. ఇంకోటి చదివింది. టక్కు. ఒకచోట కింది వరసలోకి చెయ్యి పోయింది, ఆగింది, ఎర్ర అక్షరాలు చూసి పైకి మారింది. గడ్డం తన గిటారు తనే కలుపుకున్నాడు. ఒక్కరూ "అత్తా" అనలేదు. పని నీళ్ళలా సాగిపోయింది. రోజంతా పట్టేది రెండు గంటల్లో అయిపోయింది.

ఆమె ఒళ్ళో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. ప్రతి టక్కుకీ కుడిచెయ్యి కొంచెం కదిలేది. ఎడంచేత్తో దాన్ని పట్టుకుంది.

మధ్యాహ్నం లేచి సంచి సర్దుకుంది. గళ్ళ పుస్తకం బల్ల మీదే వదిలేసింది. గుమ్మం దాకా వచ్చి మేనకోడలు, "మళ్ళీ ఎప్పుడొస్తావత్తా?" అంది.

"ఏదైనా పని పడితే పిలువు."

"పని లేకపోతే?"

అత్త సంచి భుజానికి తగిలించుకుంది. "మావయ్యకి అన్నం పెట్టాలి" అని మెట్లు దిగింది.

వారం గడిచింది. ఫోన్ రాలేదు. అంటే పట్టీలు నిలిచాయన్నమాట. అది ఆమె పనితనానికి గుర్తు. తెలుసు. అయినా ఫోన్ పక్కనే పెట్టుకుని అద్దాలు తుడిచేది. మోగినప్పుడల్లా అందుకునేది. ఫ్రేముల కోసం ఎవరో, రీచార్జి చేయించుకోమని ఎవరో. ఒక పట్టీ ఊడితే బాగుండునని ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది. మర్నాడు మళ్ళీ అనుకుంది.

తొమ్మిదో రోజు పది గంటలకు ఫోన్ మోగింది. మేనకోడలే. అత్త చేతులకు బంక అంటుకుని ఉంది. కొంగుతో తుడుచుకోకుండానే ఎత్తింది.

"ఏ వరస? పైదా, కిందదా?" అంది.

"ఏ వరసా కాదత్తా. అన్నీ బానే ఉన్నాయి."

"మరి?"

"ఊరికే చేశాను."

అత్త ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వేలమందిని కలిపిందో లెక్కలేదు. తనకోసం ఊరికే ఫోన్ చేసినవాళ్ళు మాత్రం ఆమెకు గుర్తు లేరు. అటునుంచి మేనకోడలు ఏదో చెబుతోంది. నీళ్ళ మోటారు పాడైందట. పక్కింటివాళ్ళు చప్పుడెక్కువైందని పోట్లాటకొచ్చారట. పాలపొడి వాళ్ళకు పాట నచ్చిందట, తెగాక రెండోసారి పాడినదే. అత్త ఊపిరి కూడా చప్పుడు కాకుండా, వేరే ఎవరిదో మాట వింటున్నట్టు వింటూ ఉండిపోయింది.

"అత్తా, ఉన్నావా?"

"ఉన్నాను."

"మరి నువ్వూ ఏదైనా చెప్పు."

అత్త చుట్టూ చూసింది. భర్త మేకులు నోట్లో పెట్టుకుని ఎవరి పెళ్ళి ఫోటోకో చట్రం బిగిస్తున్నాడు. గోడలకు ఖాళీ ఫ్రేములు. గుమ్మం అవతల రోడ్డు.

"ఇక్కడ ఎండగా ఉంది" అంది.

వాళ్ళిద్దరి ఇళ్ళకూ మధ్య దూరం నాలుగు వీధులు.

"ఇక్కడా అంతే అత్తా" అంది మేనకోడలు. "చెప్పు, ఇంకా?"